మా బావ రైఫిలూ నా పందీ

పోయిన నెల మా అక్కా బావా ఇల్లు మారుతున్నారంటే సామాన్లు మోయడానికి వెళ్లాను. బావ ఎడమకాలు మెట్లెక్కనని మొండికేసిందని మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకున్నారు. గరాజ్‌లో క్రిస్మస్ దీపాల పెట్టెల వెనకున్న ఇనప బీరువా తాళం తీసి, బావ ఒక పొడవాటి తోలు సంచీ నా చేతుల్లో పెట్టి, ఇంక దీన్ని నీ దగ్గరే ఉంచుకో బామ్మర్ది అన్నాడు. ఆ బరువు చేతికి తగలగానే, పదకొండేళ్ల కిందటి నెత్తురు వాసన ఇప్పుడే కారినట్టు ముక్కుకు కొట్టింది.

నన్నెరిగిన వాళ్లకి నా పంది కథ కొత్త కాదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల పుట్టినరోజు విందు ఎక్కడ జరిగినా, బిర్యానీ తిన్న చెయ్యి ఆరకముందే పిల్లలెవరో అంకుల్, పిగ్ స్టోరీ అంటారు, నేను గొంతు సవరించుకుంటాను. మొదటి ఏడు ఆ పంది దూడంత ఉండేది. మూడో ఏటికి గేదెంతయింది. ఒక ఉగాది పిక్నిక్‌లో అయితే అది కొమ్ములతో మా ట్రక్కునే ఎత్తబోయింది. పందికి కొమ్ములేమిటండీ అని ఒక డాక్టరుగారు అడ్డుపడితే, మీరు న్యూజెర్సీ నుంచి వచ్చారు, టెక్సస్ పందుల సంగతి మీకేం తెలుసు అని నోరు మూయించాను. ఈ రోజు రాస్తున్నది మాత్రం కొమ్ముల్లేని పంది గురించి.

మన ఈడు వాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండు వేల ఒకటిలో అమెరికాలో దిగాం. దిగిన ఆర్నెల్లకే ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం ఎవరి బల్ల మీద ఉద్యోగం ఊడిందని సామాన్లు సర్దుకునే అట్టపెట్టె ప్రత్యక్షమవుతుందా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే వాళ్లం. ఫోను కార్డు గీకి, దాని మీది అంకెలన్నీ నొక్కి, అమ్మ హలో అనేలోపు నిమిషాలైపోయే కాలం. అలాంటి మూడేళ్లూ ఈదుకొచ్చి గ్రీన్‌కార్డు చేతికందగానే, అందరూ ఇల్లో మినీవ్యానో కొంటే, మా బావ రైఫిల్ కొన్నాడు. అదీ మామూలు రైఫిల్ కాదు, ఆర్డరిచ్చి చేయించుకున్నది. మా బావ వాళ్ల నాన్న కరీంనగర్‌లో గడియారాలు బాగుచేసేవాడు. ఇనుములో ఇనుము చప్పుడు లేకుండా ఒదిగి కూర్చోవడమంటే బావకి చిన్నప్పటి నుంచీ ప్రాణం.

దాన్ని చేసిన పెద్దాయన మాకు రెండు గంటల దూరంలో, జొన్నచేల మధ్య రేకుల షెడ్డులో ఒక్కడే పనిచేసేవాడు. అక్కడి వాళ్లు ఆ పంటను మైలో అంటారు గానీ అది మన జొన్నే. రైఫిల్ ఇనుముకి కాటుకలా దీపం మసి పట్టించి, చెక్కలో కూర్చోబెట్టి, పైకి తీసి, చెక్కకి మసి అంటిన చోటల్లా వెంట్రుక మందాన చెక్కేవాడు. మళ్లీ మసి, మళ్లీ చెక్కడం. రోజుల తరబడి ఇదే పని. తొమ్మిది నెలలు పట్టింది. మా ఇద్దరు పిల్లలప్పుడు కూడా ఈయన ఇంతగా రోజులు లెక్కపెట్టలేదని మా అక్క మూతి తిప్పింది. ఆ ధరకు, అప్పట్లో నేను నడిపే పాతకారు లాంటివి రెండు వచ్చేవి.

నాకూ ఒక రైఫిల్ ఉండేది లెండి. పెద్ద కొట్టులో, గాలాలకీ బార్బెక్యూ బొగ్గులకీ మధ్య అరలో దొరికింది. ప్లాస్టిక్ పిడి, ఊపితే కందిపప్పు డబ్బాలా గలగలమనేది. పెద్దాయన షెడ్డు వెనక వంద గజాల దూరంలో కాగితం కట్టి ఇద్దరం చెరి మూడు తూటాలు కాల్చాం. బావవి మూడూ ఒకే చిల్లులోంచి పోయాయి, అర్ధరూపాయి బిళ్ల వేస్తే కప్పుకుపోయేది. నావి మూడూ మాటల్లేని తోడికోడళ్లలా తలో మూలా నిలబడ్డాయి. అయినా నేను తగ్గలేదు. పంది చచ్చేది ఒక్కసారే కదా, ఒకే చిల్లులోంచి మూడుసార్లు చంపడానికా ఇంత డబ్బు అన్నాను. బావ నా మాటను ఇంగ్లీషులో పెట్టి చెబితే పెద్దాయన నవ్వలేదు. నాకు జనం డబ్బిచ్చేది మొదటి తూటా కోసం కాదబ్బాయ్, రెండోదాని అవసరం రాకుండా ఉండటానికి అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. తుపాకీ ఊరికే ఉన్నప్పుడల్లా తూటాని లోపలికి తోసే బోల్ట్ వెనక్కి లాగి, లోపలి ఖాళీ పైకి కనబడేట్టు పెట్టాలట, చూసిన ప్రతివాడికీ అది ఖాళీదని తెలియాలట. ఆ మాటను బావ గురువాక్యంలా పట్టుకున్నాడు.

ఆ ఏడు దసరాకి మా అక్క డ్రైవ్‌వేలో పూజ పెట్టింది. రెండు కార్లకీ చక్రాల కింద నిమ్మకాయలు, లాప్‌టాప్‌లకి బొట్లు, గడ్డికోసే మిషనుకి పూలదండ. బావ రైఫిల్ తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు, బోల్ట్ వెనక్కి లాగి, నోరు తెరిపించి.

"ప్రాణాలు తీసేదానికి కూడా బొట్టేమిటండీ?" అంది అక్క.

"ఆయుధపూజ అంటే ఆయుధానికే గదనే! గడ్డి మిషన్‌కు దండేస్తివి, దీనికి బొట్టు పెట్టడానికి ఏడుస్తున్నవ్," అన్నాడు బావ.

పురోహితుడు దొరకలేదు కాబట్టి ఆ పాత్ర నేనే ధరించాను. గడ్డికోసే మిషను తాలూకు ఇంగ్లీషు పుస్తకం చేతపట్టుకుని, అందులోని హెచ్చరికలన్నీ సంస్కృతం బాణీలో ఏకరువు పెట్టాను. పిల్లలు కిందపడి దొర్లారు. ఆ ఊపులో పళ్లెంలోని అక్షింతలు గుప్పెడు తీసి, పెళ్లికొడుకు నెత్తిన చల్లినట్టు రైఫిల్ మీద చల్లేశాను. బావ గబగబా ఊదాడు, వేలితో దులిపాడు. పండగ పూట దాన్నీ రెండు మెతుకులు తిననీ బావా అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన చేలోకి వెళ్లాం. రాత్రికి రాత్రి పందులు ట్రాక్టరు దున్నినట్టు దున్నిపారేస్తున్నాయని, ఎన్ని కొడితే అంత మేలని ఆయనే రమ్మన్నాడు. గట్టు వెనక పడుకున్నాం. బావ ముందే చెప్పాడు, దూరంవి తాను కొడతాడు, దగ్గరకొస్తేనే నేను కొట్టాలి అని. మంచు తెర లేచేసరికి జొన్నలోంచి గుంపు బయటికొచ్చింది. బావ ఊపిరి బిగబట్టి ఒక్క తూటా వదిలాడు. రెండు వందల గజాల అవతల ఒక ఆడపంది కాలైనా కొట్టుకోకుండా కూలిపోయింది. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు.

అది చూసి నేనూ ఒకటి కొట్టి చూపించాలనుకున్నాను. మిగతావి పారిపోతుంటే అన్నిటికన్నా పెద్ద మగపంది ఒక్క క్షణం పక్కకి తిరిగింది. అది నా హద్దులో లేదని తెలిసే నొక్కాను. భుజం వెనక పడాల్సింది పొట్టలో పడింది. ఆ అరుపు నేను ఎవరి ముందూ అనుకరించలేదు, అనుకరించలేను. అది గిరగిరా తిరిగి జొన్నలో దూరింది. చేను మూగబోయింది. తర్వాత కంకులు ఒక వరసలో ఊగడం మొదలుపెట్టాయి, మా వైపే.

బావ లేచి నిలబడి బోల్ట్ లాగాడు. కాలిన తూటా ఖాళీ గొట్టం ఎగిరిపడింది. ముందుకి తోశాడు. బోల్ట్ సగంపైన వెళ్లి ఆగిపోయింది.

"పడ్తలేదురా," అన్నాడు, నా వైపు చూడకుండా, చాలా మెల్లిగా.

అరచేత్తో బాదాడు. పడలేదు. అంతలో పంది గట్టు దాటింది. బావ మోకాలి కింద కోర దించి పైకి లేపింది. తడిసిన గోనెసంచీ చిరిగిన చప్పుడయింది. బావ వెల్లకిలా పడ్డాడు. పంది తల విదిల్చి మళ్లీ దించింది, ఈసారి తొడలో. బావ రైఫిల్ పిడితో దాని ముట్టె మీద కొడుతున్నాడు, కొట్టిన ప్రతిసారీ దాని నోట్లోంచి నురగా నెత్తురూ ఆయన మొహం మీద చిందుతున్నాయి. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నా రైఫిల్‌లో తూటాలున్నాయి. కాల్చలేకపోయాను. నా తూటాలు తలో మూలకీ పోతాయని కాగితం మీద చూశాను కదా. ఎక్కడ పంది ఆగిపోతోందో ఎక్కడ బావ మొదలవుతున్నాడో తెలియడం లేదు.

"కొట్టురా! ఏం జూస్తున్నవ్, కొట్టూ!" అని బావ కేక పెట్టాడు.

అప్పుడు కదిలాయి నా కాళ్లు. దాని మీదకి వంగి, చెవి వెనక రైఫిల్ గొట్టం ఆనించి, పుర్రెలోంచి కిందికి, బావకి దూరంగా వంచి నొక్కాను. వెచ్చటి ముద్ద ఏదో నా పెదాల మీద పడింది. పంది బావ కాళ్ల మీద కూలి, చచ్చాక కూడా కాసేపు గిట్టలతో తన్నుతూనే ఉంది. దాన్ని ఈడ్చేసి చూస్తే పిక్క తెరిచిన పుస్తకంలా ఉంది, లోపల తెల్లటి ఎముక. తొడలోంచి నెత్తురు ఎగజిమ్ముతోంది. నా బెల్టు బిగించి, పిడికిలి ఆ గాయంలో కూరి, పెద్దాయన ట్రక్కు వచ్చేదాకా తియ్యకుండా కూర్చున్నాను. బావ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, వాళ్ల నాన్న కొట్లో గోడగడియారాలన్నీ ఒకేసారి మోగుతున్నాయని.

ఆస్పత్రి వరండాలో మా అక్క నా చొక్కా మీది నెత్తురు చూసి ఏడవలేదు.

"పక్కనే ఉన్నావు కదరా. ఏం చేస్తున్నావు?" అంది.

నా మొదటి పంది కథ అప్పుడు పుట్టింది. అంత పోసి కొన్న రైఫిల్ సమయానికి మొరాయించిందక్కా, నా చవక రైఫిలే బావని కాపాడింది అన్నాను. ఒక్క మాటా అబద్ధం కాదు, చూశారా. పొట్టలో పడ్డ తూటా సంగతి వదిలేశానంతే.

మూడు ఆపరేషన్లయ్యాయి. కర్రల మీద నడవడం వచ్చాక బావ నన్ను తీసుకుని పెద్దాయన షెడ్డుకి వెళ్లాడు. ఆ రోజు చేలోంచి తెచ్చిన రైఫిల్ అక్కడే బల్ల మీద ఉంది, లోపలి తూటా తీసేసి గుడ్డకప్పి. సొంతదారు ఎదుట తప్ప విప్పను అన్నాడు పెద్దాయన. విప్పకముందే ఇంకో మాటన్నాడు. తప్పు నా చేతిదైతే ఇంక జన్మలో ఇంకొకటి చెయ్యను అని. బోల్ట్ బయటికి లాగి, దీపం పట్టి, సూదిమొన లాంటి పనిముట్టుతో లోపల గీరాడు. తెల్లటి కాగితం మీద సగం నలిగిన పసుప్పచ్చటి గింజ ఒకటి రాలింది. అక్షింత. తూటాల అడుగున ఎక్కడో దాక్కుని, మొదటి తూటా అదురుకి కదిలి, బోల్ట్ వచ్చి కూర్చునే గాడిలో పడింది. నా గలగలలాడే డబ్బా అయితే దాన్ని నమిలి మింగేసేది. ఇది వెంట్రుక సందు లేకుండా ఒదిగిన ఇనుము, బియ్యపు గింజకి చోటెక్కడిది?

ఏమిటిది అని అడిగాడాయన. బావ నావైపు చూడనైనా లేదు. అది మా ఇంటి బియ్యమని, దీవెనగా తానే చల్లానని, తప్పంతా తనదేనని చెప్పాడు. హమ్మయ్య అనుకోవలసిన మనిషి, ఆ పెద్దాయన, స్టూలు మీద కూర్చుండిపోయాడు. మట్టికీ ఇసుకకీ మంచుకీ ఎంత చోటు వదలాలో ఆలోచించాను, పండగకి వదల్లేదు, నన్ను క్షమించు అన్నాడు. గింజ చల్లినవాణ్ని నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. గోడ మీది కేలెండరు చూశాను.

ఆ తర్వాత పదకొండేళ్లూ నా కథలో పంది పెరుగుతూ వచ్చింది, ఖరీదైన రైఫిల్ ప్రతిసారీ మొరాయిస్తూ వచ్చింది. నవ్వుల మధ్య మనవాళ్లు ముగ్గురు పెద్దాయనకి ఇవ్వబోయిన ఆర్డర్లు మానుకున్నారని నాకు తెలుసు. ఆయన షెడ్డు మూసేశాడనీ, ఇంకో ఏడాదికి పోయాడనీ బావే ఒకసారి చెప్పాడు, నా కథ ఊసు ఎత్తకుండా.

పోయిన నెల గరాజ్‌లో ఆ తోలు సంచీ విప్పితే, పక్క జేబులో బిరడా పెట్టిన ఖాళీ తూటా గొట్టం ఉంది. ఊపితే చిన్నగా చప్పుడయింది. బిరడా తీశాను. అరచేతిలో సగం నలిగిన గింజ, పసుపు వెలిసిపోయి.

"బావా, ఆ పందిని ముందు పొట్టలో కొట్టింది నేనే," అన్నాను.

"దాన్ని కోసినప్పుడు పెద్దాయన చూసిండు బామ్మర్ది. ఆ తూటా నాది గాదని నాకు ఆస్పత్రిలనే జెప్పిండు."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?"

"నా పిల్లలు నీ కథ ఇనుకుంట నవ్విన్రు. నెత్తురు గుర్తుకురాకుంట పెరిగిన్రు. మంచిదే గదా," అని ఆగి, "పెద్దాయన సంగతే... అదొక్కటి నువ్వు బాగ చెయ్యలే," అన్నాడు.

మర్నాడు కొత్తింట్లో పాలు పొంగించాక పిల్లలు మామూలుగానే చుట్టూ చేరారు. కాలేజీలో చదివే కుర్రాడొకడు, ఇప్పుడు మిషన్లే చేసేస్తున్నాయంకుల్, ఐదో వంతు ధరకే ఒకే చిల్లులో మూడూ పోతాయి, చేత్తో చేసినవి కొనడం వేస్ట్ అన్నాడు. కావచ్చు. కానీ మిషను నాది తప్పేమోనని ముందుగా అనదు, సొంతదారు ఎదుట తప్ప విప్పననదు. ఆ ధర అంతా దానికే అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాను. పంది మా అక్క డిష్‌వాషరంత ఉంది. కొమ్ముల్లేవు. నా తూటా తప్పింది, నా గింజ ఇరుక్కుంది, రైఫిల్ తప్పేం లేదు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసుకున్నారు. ఒక చిన్నపిల్ల మాత్రం లేచి వెళ్లి, పెద్దమామా, ఈజ్ దట్ వై యు వాక్ లైక్ దట్ అని బావని అడిగింది. నా పంది చిన్నదయ్యాక గానీ ఆ కాలు వాళ్ల కంట పడలేదు.

మొన్న ఆదివారం ఒక్కణ్నీ రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. తప్పు నాదేనని ఒక్క వాక్యం చెప్పుకుందామని, ఎవరికో తెలియదు. షెడ్డు ఉన్న చోట సామాన్లు దాచుకునే అద్దె గదులు కట్టారు, వరసగా ఒకే రకం తలుపులు, ఒకే రకం తాళాలు. మసి లేదు, చెక్క పొట్టు వాసన లేదు, మాట వినే మనిషి లేడు. వెనక జొన్నచేను మాత్రం అలాగే ఉంది, గట్టు పొడుగునా తాజాగా దున్నినట్టు తవ్వేసి ఉంది. కాసేపు నిలబడ్డాను. చేను చివర ఒక పంది తలెత్తి నన్ను చూసి, తన పనిలో పడిపోయింది. పెద్దదేం కాదు.