కాటేజీలో మేనత్త

పడవ ఎక్కేముందు మెడకు తగిలించిన లైఫ్ జాకెట్‌లోంచి తుంగా, బురదా, జెల్లచేపలూ కలిసిన వాసన వచ్చేసరికి, సెలవు గడపడానికి వచ్చిన నేను సెలవులు గడిపిన చోటికి చేరిపోయాను.

మాది కాటారం పక్క పల్లె. ఎండాకాలం చెరువు తగ్గి, మోకాటి లోతు బురదలో నడిమి గడ్డకు నడిచిపోగలిగే రోజున మా అవ్వ, అంటే బాపు తల్లి, గారెలు కాల్చి గుడ్డలో మూటగట్టి, చెప్పులు చంకలో పెట్టుకుని, మా పిల్లల మందను తోలుకుపోయేది. అక్కడ ఇప్పచెట్టు కింద, రాలిన పూల మత్తు వాసన మధ్య ఒక చిన్న రాయి. రాయి కింద, పాలు మరవకముందే పోయిన మా మేనత్త. పళ్ళు రాని ఆ పిల్లకు మొదటి గారె పెట్టాకే పళ్ళున్న మాకు పంచేది. బడీ దెబ్బలూ లేని ఆమె భోగం చూసి మాకు కడుపుమంట. ఒకసారి మా పెదబాపు కొడుకు సమ్మన్న ఆ మొదటి గారె లాక్కుని తింటే అవ్వ వీపు పగలగొట్టింది.

"సచ్చినదానికి పెట్టి బతికున్నోన్ని సంపుతున్నవేందే!" అని వాడు గడ్డంతా దొర్లి ఏడ్చాడు.

నేను అయిదో తరగతిలో ఉండగా గడ్డ మీదికి పడవల్లో సిమెంటు పోవడం మొదలైంది.

"గడ్డ మీద కాటేజీలు కడ్తున్నరటనే అవ్వా" అన్నాడు బాపు.

సగమే పనిచేసే అవ్వ చెవులకు 'కాటి' వరకే వినిపించింది. మిగతాది ఆమే పూరించుకుంది. "కాటికి ఇండ్లా! మంచిగైంది కొడుకా. గిన్నొద్దులకు నా బిడ్డకు నీడ దొరుకుతది."

ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ నవ్వు వాడకట్టంతా పాకింది. అంత చక్కటి నవ్వులాట చెడుతుందని ఎవరూ ఆమెకు అసలు సంగతి చెప్పలేదు. పంపు దగ్గర ఆడవాళ్లు, "నీ బిడ్డకు ఏసీ గూడ పెడ్తున్నరా అవ్వా?" అని అడిగేవారు.

"పెట్టనీ. పసిది, ఉక్కకు ఓర్వలేదు" అనేది అవ్వ.

రిసార్టు తెరిచిన రోజు గారెల మూటతో, నన్ను వెంటబెట్టుకుని రేవుకు పోయింది. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"ఎటు?"

"నా బిడ్డ కాడికి."

"ఏ నంబర్ రూమవ్వా?"

అవ్వ నా వైపు చూసింది. నాకు ఎక్కాలన్నీ వచ్చు గానీ ఆ నంబరు రాదు.

"లోపల అడుగు నాయినా, ఆల్లకు ఎరుకనే ఉంటది. ఇప్పచెట్టు కిందిది, పాలపిల్ల."

"ఇప్పచెట్టెక్కడిదవ్వా? గడ్డ మొత్తం తవ్వి సాపు జేసిన్రు."

ఆ మాట మాత్రం అవ్వకు పూర్తిగా వినిపించింది. ఒడ్డున కూర్చుని మూట విప్పి గారెలన్నీ నాకే పెట్టింది, మొదటిది కూడా.

ఇప్పుడు అవ్వ లేదు, ఇప్పపూల వాసనా లేదు. గడ్డంతా కత్తిరించిన పచ్చిక, మీద తెల్ల కుర్చీలు. కౌంటరు దగ్గర అమ్మాయి మర్యాదగా అడిగింది.

"చిన్నపిల్లలున్నారా సార్? అయిదేళ్ళలోపు వాళ్ళకు ఉచితం."

లేరన్నాను. ఉందంటే, ఏ రూమని అడుగుతుంది.