ఆ కొస నుంచి వచ్చిన బదులు

నవ్వితే నవ్వండి. నా గొర్రెల మీద ఒట్టేసి చెబుతున్నా, ఇందులో ఒక్క మాట కల్పించలేదు.

ఉరవకొండ పక్కన శెనక్కాయ పీకేసిన చేనులో ఎరువు కోసం మంద నిలిపాం. చుట్టూ వల కట్టాం. ముందు రాత్రే తోడేలు ఒక పిల్లను ఎత్తుకుపోయింది. మందలో ఈనడానికి సిద్ధంగా ఉన్నవే ఎక్కువ. అవి పోతే మా బతుకు పోయినట్టే.

మంద కాసేవాళ్లం నిద్ర రాకుండా పదం కట్టి పాడతాం. ఈ కొస నుంచి ఒకరు ఒక ముక్క అంటే, ఆ కొస నుంచి ఇంకొకరు దాన్ని పూర్తి చేయాలి. బదులు రాకపోతే నిద్రపోయినట్టు లెక్క. వెళ్లి లేపాలి.

ఒకప్పుడు ఆ కొసన నాయన ఉండేవాడు. ఆయన పోయాక నా తమ్ముడు ఓబులేసు. వాడికి పదమేం వస్తుంది, నా మొహం! "ఊ… మేలుకోనే ఉండానక్కా" అంటాడు, అంతే.

ఆ రాత్రి పిండారబోసినట్టు వెన్నెల. గట్టు మీద బొమ్మజెముడు ముళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చూస్తుంటే పదం దానంతట అదే వచ్చింది.

"జెముడు ముల్లు మీద ఎన్నెల కూసుండాదీ…"

నెమరు చప్పుడు… ఎక్కడో ఒక మెడగంట…

"గుచ్చుకోకుండా కూసుండాదీ…"

ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదు, అంత బాగుంది! వీడికి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందబ్బా అనుకున్నాను. గాలికి గొంతు సరిగా తెలియలేదు. అంతలో జిల్లేడు పొదలోంచి కుందేలు బయటికొచ్చింది. చంద్రుడు దాని వెనక… నీడ దాని ముందు.

"కుందేలు కంటే నీడే ముందు పోతాదీ…"

ఈసారి వెంటనే వచ్చింది. నెమ్మదిగా…

"దావ తెలిసినోళ్లే ముందు పోతారూ…"

నెమరు ఆగిపోయింది… గంట ఆగిపోయింది… గొర్రెలన్నీ తలలెత్తి ఆ కొస వైపే చూస్తున్నాయి. ఒక్కటీ బెదరలేదు. తెలిసిన మనిషి వస్తే చూసినట్టు చూస్తున్నాయి.

"ముందు పోయినోళ్లు మళ్లా ఈడికొస్తారా…"

అది పదం కాదు, నా ఏడుపే. బదులు రాలేదు.

కట్టె పట్టుకుని పరుగెత్తాను. ఓబులేసు కంబళి ముసుగేసుకుని గురక పెడుతున్నాడు. కుదిపి లేపాను.

"ఎవుర్రా ఈడ పాడింది?"

"పాడేదేందక్కా? బువ్వ తిన్న కాడ్నుంచి పండుకోనే ఉండా… కొట్టొద్దక్కా!"

సెల్ లైటు వేసి చూశాం. వల దాకా తోడేలు అడుగులు వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాయి. మనిషి అడుగులు లేవు. గొర్రె ఒక్కటీ పోలేదు.

నాయన గొంతేనా? చివర్లో ఆయనకు దగ్గు ఉండేది. ఈ గొంతులో దగ్గు లేదు. ఎవరో, ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

వెన్నెల ఉన్నప్పుడల్లా బదులు రాని ఆ మూడో ముక్క అని ఆగుతాను. ఓబులేసు ఇప్పుడు నిద్రపోవడం లేదు.

"ఎవురి కోసరమక్కా కాసుకోనుండావు?" అంటాడు.

"నోరు మూసుకోరా," అంటాను. "గొర్రెలు నెమరు ఆపినాయి."