కాక నమ్మని మాట

నేను కాకా అని పిలిచే పక్క క్వార్టర్ పెద్దాయన పోయిన సంగతి నాకు పొద్దున ఏడింటికి తెలిసింది. ఫోన్లో ఆయన నంబరు కనబడగానే, ఈసారి ఏం అడుగుతాడో అనుకుంటూ కాసేపు మోగనిచ్చి ఎత్తాను. మాట్లాడింది ఆయన కూతురు. "అన్నా, బాపు పోయిండు. నిద్రల్నే పోయిండు" అంది. పోయిన మనిషి ఫోనును కూడా అనుమానంగా ఎత్తినవాణ్ణి నేను. ఈ నాలుగు ముక్కలు ఆ సిగ్గుతోనే రాస్తున్నాను.

గోదావరిఖనిలో మా రెండు క్వార్టర్లకు మధ్య ఒకటే గోడ. కాకది బాయి మీద ల్యాంపు రూములో పని. బొగ్గు బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల ఆయనకిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. కొక్కేనికి బిళ్ల వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. ఏళ్ల తరబడి ఆ కొక్కేలను చూసీ చూసీ కాకకు లోకం మీదే అనుమానం పట్టుకుంది. పాలవాడి మాట నమ్మడు, బస్సు బోర్డు నమ్మడు. డాక్టరు ఏం ఫికర్ లేదంటే అసలే నమ్మడు.

ఒకసారి ఒక కార్మికుడు, ఇంట్లో ఎవరికో బాగాలేదని కబురొస్తే, తలకు దీపం, నడుముకు బ్యాటరీతోనే ఇంటికి వెళ్లిపోయాడు. కాక షిఫ్టు దిగి, సైకిలేసుకుని వాళ్లింటికి పోయాడు. ఆ కార్మికుడికి కోపమొచ్చింది. "రేపు పొద్దుగాల తెచ్చిస్తుంటి గద, ఎత్తుకపోతనా?" అన్నాడు. కాక అరుగు మీద కూలబడి, "రేపు ఇచ్చేది ల్యాంపు. ఇయ్యాల ఇచ్చేది నువ్వు పైకొచ్చినవన్న మాట" అన్నాడు. మాటల మధ్య తేడాలు ఆయనకు అలా పట్టింపు.

అన్నిటికన్నా ఆయనకు గిట్టని మాట 'తీర్చుకోవడం'. ఆ మాట ఎక్కువగా మా ఇంటి నుంచే వినేవాడు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ జబ్బుచేసి మూడు నెలలు దవాఖానలో ఉంది. నాన్నవి మారే షిఫ్టులు. ఆ మూడు నెలలూ నేను కాక ఇంట్లోనే తిన్నాను, అక్కడే పడుకున్నాను. అమ్మ ఇంటికొచ్చాక, "నీ రుణం ఎట్ల తీర్చుకుంటమో" అంటే కాక ముఖం మాడ్చుకున్నాడు.

"పగ తీర్చుకుంటరు, రుణమూ తీర్చుకుంటరు. రెండిటికీ ఒక్కటే మాట పెట్టిండ్రు. నాకు దాని మీదనే అనుమానం వదినా. అయిపోగొట్టాలన్న తొందర అందుల ఉంటది. తీసుకున్నది తిరిగియ్యొచ్చు. చేబదులు తెచ్చిన చక్కెర గిట్ల ఇచ్చేయొచ్చు. పెట్టిన అన్నం ఎట్ల తిరిగిస్తరు?"

అమ్మ ఆయన ముందు నవ్వింది. ఆయన వెళ్లాక నాతో, "గంత చేసినోడు ఏదో ఒకనాడు అడుగుతడు. యాదిల పెట్టుకో" అంది. నేను బాగానే పెట్టుకున్నాను. ఏ మనిషి మంచిగా పలకరించినా వెనక ఏముందో అని చూసే గుణం నాకు అక్కడే అబ్బిందేమో. మంచిర్యాలలో టీచరు ఉద్యోగం వచ్చాక పండక్కి కాకకు బట్టలు తీసుకెళ్లాను. అంచు చూస్తూ, "తీర్చుకుంటున్నవా?" అన్నాడు. "లేదు కాకా, ఊరికే" అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడమే సరైంది, నేను వెళ్లింది తీర్చేసుకుందామనే.

పోయిన వానాకాలం ఆయనే ఫోన్ చేశాడు. "ఒక్కపారి వచ్చిపో బిడ్డా. నీకొకటి చెప్పేదున్నది." ఫోన్లో చెప్పమంటే చెప్పలేదు. ఆయన అల్లుడు అప్పు చేసి ఆటో కొంటున్నాడని అప్పటికే విన్నాను. జామీను సంతకానికే ఈ పిలుపని తేల్చేసుకున్నాను. పేపర్లు దిద్దేదుందన్నాను. ఇంకోసారి పిలిస్తే జ్వరమన్నాను. మూడోసారీ ఏదో సాకు చెబితే, "సరే తియ్, జల్దేం లేదు" అన్నాడు. గోదావరి దాటితే ఊరు. బస్సెక్కితే గంటలోపే. నేను వెళ్లలేదు.

పదకొండో రోజు చుట్టాలంతా కదిలాక కాక భార్య చిన్నమ్మను అడిగాను, కాక నన్ను ఎందుకు రమ్మన్నాడని. అడిగేటప్పుడు కూడా జేబులో పెన్ను ఉందో లేదో చూసుకున్నాను. అంత పాడు బుద్ధి నాది.

చిన్నమ్మ నా వైపు చూడకుండా, గోడను చూస్తూ చెప్పింది. "మీ అమ్మ దవాఖానల వడ్డప్పుడు, అంతకు నెల ముందలనే మా పిలగాడు పోయిండు. నీ తోటోడే. మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యబుద్ధి కాకపోతుండె. మీ బాపు నిన్ను తెచ్చి మా గడపల కూసోబెట్టిండు. ఆకలైతుందని నువ్వు ఏడిస్తే లేచి వండిన. నువ్వు తినవట్టి మేం తిన్నం. 'మనల బతికించిండు, వానికి తెల్వది. నేను పోకముందు చెప్పాలె' అనేటోడు మీ కాక."

ఆ పిల్లవాడు నాకు లీలగా గుర్తు. ఊరికి పంపారని అప్పుడు నాతో చెప్పారు. పెద్దయ్యాక నిజం తెలిసింది కానీ, ఆ మరణాన్నీ నా మూడు నెలల అన్నాన్నీ నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇన్నేళ్లూ ఆయన నన్ను అడుగుతాడని భయపడ్డాను. ఆయన నాకు ఇవ్వడానికి మూడుసార్లు పిలిచాడు. నాకు ఏడుపు ఆగలేదు.

చిన్నమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదని కూతురు చెప్పింది. రెండు పళ్లాల్లో అన్నం పెట్టి, పప్పు పోసి మా ముందు పెట్టింది. చిన్నమ్మ తన పళ్లెం ముట్టుకోకుండా నా చేతినే చూస్తూ కూర్చుంది. నేను కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఆమె మెల్లగా తన పళ్లెం దగ్గరికి లాక్కుంది.