పడవకు బాడీ ఎర్తు లేదు

మదనపల్లెలో మా అంగట్లో రెండే పనులు. ట్రాక్టర్లకు వైరింగు మా ఆయన చేసేవాడు, కాలిపోయిన బోరు మోటార్లకు తీగ నేను చుట్టేదాన్ని. బయటి పనులకు మాత్రం ఆయనొక్కడే పోయేవాడు. అంగడి గడప దాటి ఒక్క పనైనా నా చేత్తో చేయాలని నాకు ఒకటే ఆశ.

కరువు తీరి చెరువులు నిండిన ఏడు, పుంగనూరు దగ్గర చెరువులో చేపలు గుత్తకు తీసుకున్న ఒకాయన పాత ఫైబరు పడవ కొనుక్కొచ్చాడు. ఇంజను బాగానే ఉంది గానీ వైర్లన్నీ కుళ్లిపోయాయి. మా వైపు పడవా! వినగానే చుట్టే తీగ పక్కన పడేసి లేచాను.

"సూసేదానికైతే రా," అన్నాడు మా ఆయన.

చెరువు గట్టున, ట్రాక్టరుకు లాగినట్టే వైర్లు లాగాడాయన. బ్యాటరీ నుంచి లైటుకు ఒకటే వైరు. లైటు రెండో కొసను పడవ బాడీకి బోల్టేసి బిగించాడు. ట్రాక్టరైతే అంతా ఇనుమే కదా, తిరిగొచ్చే కరెంటు బాడీలోనే బ్యాటరీకి చేరుతుంది; బాడీ ఎర్తు అంటే అదే. దర్జాగా స్విచ్చి నొక్కాడు. లైటూ వెలగలేదు, పడవలో నీళ్లు తోడే పంపూ తిరగలేదు. బల్బు మార్చాడు. బ్యాటరీని తిట్టాడు. నాకు నవ్వు ఆగలేదు.

"మామా, ఇది ఫైబరు. దీంట్లో కరెంటు యాడ పారుతాది?"

ఆయన మొహం చూడాల్సిందే! పక్కనున్న గుత్తాయన కూడా పకపకా నవ్వాడు.

తిరిగొచ్చే కరెంటుకూ వైరే లాగాలి గనక, వైరు రెండింతలు కావాల్సి వచ్చింది. మా ఆయన సంచిలోంచి ఇళ్లకు వాడే ఒంటి తీగ వైరు తీశాడు. ఇంజను అదురుకు అది పుటుక్కున విరుగుతుందన్నాను. పన్నెండు వోల్టులే కదా అని సన్నది వేస్తే, పడవ ముక్కు దాకా పోయేసరికి లైటు గుడ్డిదవుతుంది. పుంగనూరు అంగట్లో నేనే ఏరి బోరు కేబులు తెచ్చాను. లోపల సన్నని రాగి పోగులు బోలెడు, పైన దళసరి తొడుగు.

"జాయింట్లు నేనేస్తా."

"తడిసి ఆగిపోయిందనుకో, ఇంక నిన్ను యాడికీ తీసకపోను, సూడు."

రెండు వైర్ల అతుకులూ పక్కపక్కన రాకుండా జానెడు ఎడంగా పెట్టాను. రాగి గొట్టాల్లో కొసలు దూర్చి నొక్కి, రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దానిమీద నల్ల టేపు వేశాను. బోరులోకి దించేముందు చేసినట్టే అతుకులను బకెట్టు నీళ్లలో ముంచి స్విచ్చి వేయమన్నాను.

లైటు వెలిగింది! మేం అన్నాలు తిని లేచేదాకా వెలుగుతూనే ఉంది. అప్పుడు పడవను నీళ్లలోకి తోశారు. నేనూ ఎక్కాను. ఇంజను అదిరింది, నీళ్లు ఎగిరి ఒళ్లంతా తడిపాయి, పంపు బుడబుడమని తోడుతోంది. గట్టుమీద మా ఆయన చిన్నగా కనబడుతున్నాడు. ఆ సంతోషాన్ని ఏమని చెప్పను, చిన్నపిల్లలా కేకలు పెట్టాను.

మళ్లీ వానలకు కుప్పం నుంచి అంగడికి ఫోనొచ్చింది. అక్కడా ఒక పడవ ఉందట, ఏ వైరు కొనిపెట్టమంటారని అడుగుతున్నారు. ఫోనెత్తింది మా ఆయనే.

"నన్నడగద్దప్పా. జాయింట్లేసే ఆమె ఈడే ఉండాది," అని ఫోను నా చేతిలో పెట్టి, స్క్రూడ్రైవరు తీసుకుని తన ట్రాక్టరు దగ్గరికి పోయాడు.