మా అన్నకి కలిసొచ్చిన పొట్ట

మొన్న నెల్లూరులో మా అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన వాడి నడుం చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఇది తిండి ఎక్కువై వచ్చిన పొట్ట కాదమ్మా, మనసులో దిగులు ఎక్కువైతే ఒంట్లో ఊరే రసమొకటి ఆకలిని రేపి, తిన్నదాన్ని కొవ్వు చేసి కడుపు చుట్టూ చేరుస్తుందని నిదానంగా చెప్పాడు. మావాడు ప్రైవేటు బ్యాంకులో పని చేస్తాడు, పక్కమీదికి చేరినా ఫోను వదలడు. డాక్టరు మాటలు వింటుంటే నాకు మా అన్న కళ్ళముందు కదిలాడు. ఈ సంగతి ఆ రోజుల్లో మాకెవరైనా చెప్పి ఉంటే, ఎంత పిచ్చివాళ్ళమో మాకు అప్పుడే తెలిసేది.

మా పుట్టిల్లు కోట అనే ఊరి దగ్గర. మా అన్న వరి చేసినన్నాళ్ళూ చువ్వలా ఉండేవాడు, పంచె జారిపోకుండా మొలతాడు మీద ముడేసుకునేవాడు. అందరూ రొయ్యల వెంట పడిన కాలంలో తనూ సముద్రం వైపున్న పొలంలో గుంటలు తవ్వించాడు. రొయ్యల సాగులో ఒక పద్ధతుంది, మన వైపు వాళ్ళకి తెలిసే ఉంటుంది. చిన్న వల తట్టలో మేత వేసి నీళ్ళలోకి దించి, కాసేపాగి పైకెత్తి చూడాలి. మేత అయిపోతే రొయ్యలు కులాసాగా ఉన్నట్టు, మిగిలిపోతే ఏదో రోగం మొదలైనట్టు. గుంటలో ఉన్నది కంటికి కనపడదు కాబట్టి ఆ తట్ట ఏం చెబితే అదే నమ్మాలి. తట్ట ఎత్తబోయే ముందు మా అన్నకి గుండె దడదడలాడేది, చెయ్యి దానంతటదే పక్కనున్న మురుకుల డబ్బాలోకి పోయేది. గట్టు మీద క్యారియరు ఖాళీ చేసి, ఇంటికొచ్చి మళ్ళీ కంచం ముందు కూచునేవాడు. నిద్ర సరిగా ఉండేది కాదు, నడక మానేసి గట్టు మీద కుర్చీకే అతుక్కుపోయాడు.

ఇంకేముంది, పొట్ట ముందుకొచ్చింది. కాళ్ళూ చేతులూ అలాగే సన్నగా ఉండి, పొట్ట ఒక్కటే పెరిగింది. ఊళ్ళో వాళ్ళ ముఖాలు చూడాలి! "రొయ్యలు బాగా అచ్చొచ్చినాయబ్బా మీ అన్నకి" అని నేను గూడూరులోని అత్తగారింటి నుంచి వచ్చినప్పుడల్లా నాతో అనేవాళ్ళు. మా అమ్మ అయితే కొడుకు పొట్ట చూసి మురిసిపోయి, కళ్ళు పడతాయని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేది. నేనూ మురిసిపోయినదాన్నే, దాచుకోవడం ఎందుకు.

మా వదిన ఒక్కతే మురిసిపోలేదు. నాలుగడుగులు వేస్తే మనిషికి ఆయాసం వస్తోందని, గట్టెక్కేటప్పుడు ఛాతీ పట్టుకుంటున్నాడని ఆమె చూసింది. ఆ మనిషి దక్కుతాడా లేదా అన్న భయం ఆమెకి పట్టుకుంది. ఒక మధ్యాహ్నం నేనూ ఆమెతో పాటు గుంటల దగ్గరికి పోయాను. మా ముందే అన్న తట్ట ఎత్తాడు. మేత పూర్తిగా అయిపోయి ఉంది, అంతకంటే శుభవార్త ఏముంటుంది? అయినా ఆయన మళ్ళీ మురుకుల డబ్బా మూత తీశాడు.

"ఏమయ్యా, రొయ్యలు తినినాయా లేదా అని రోజంతా చూస్తుండావే, నువ్వు ఆకలేసి తింటుండావో బయమేసి తింటుండావో ఒక్కసారన్నా చూసుకున్నావా?" అని మా వదిన అడిగింది. అడుగుతూనే ఏడ్చేసింది. అన్న చేతిలోని మురుకు తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టేశాడు.

ఆ పంట పట్టగానే గుంటలు వేరేవాళ్ళకి కౌలుకిచ్చి, మెట్ట మీద నిమ్మచెట్లు పెట్టాడు. పాదులు తవ్వడం, నీళ్ళు కట్టడం, పొద్దు గూకగానే ఒళ్ళెరగని నిద్ర. ఏడాది తిరక్కముందే పొట్ట కరిగి ఆయాసం పోయింది. అప్పుడు చూడాలి మా ఊరి తమాషా! "పాపం, రొయ్యలు ముంచేసినట్టుండాయి, మనిషి సగమైపోయినాడు" అంటూ ఒకరి తర్వాత ఒకరు ఓదార్చడానికి వచ్చారు. మనిషి దిగులుతో కుంగిపోతున్నప్పుడు దిష్టి తీసినవాళ్ళం, కోలుకున్నాక పరామర్శకు పోయాం. మా వదిన వచ్చిన వాళ్ళందరికీ నవ్వుకుంటూ కాఫీలిచ్చి పంపింది.

ఇప్పుడు ఎవరి పొట్ట చూసీ ఎవరూ కలిసొచ్చిందనుకోరు. స్ట్రెస్సు అన్న మాట పసిపిల్లలకీ తెలుసు. జబ్బు పేరు తెలియని కాలంలో మా వదిన మొగుణ్ణి గట్టు మీద నుంచి లేపి తెచ్చుకుంది. పేరు తెలిసిన ఈ కాలంలో మావాడితో ఆ ఉద్యోగం మానెయ్యి నాయనా అందామని నోటిదాకా వస్తుంది, మానేసి ఏం చెయ్యమంటావమ్మా అని వాడడిగితే చెప్పడానికి నాకేమీ తోచదు. అందుకని వాడు అన్నం తినేటప్పుడు, ఆకలేసి తింటున్నాడో భయమేసి తింటున్నాడో చూద్దామని పోయి పక్కన కూచుంటున్నాను. ఏంటమ్మా అంటాడు. ఏం లేదురా, తిను అంటాను.