చింతామణి నుంచి ఒక క్యారేజీ బస్సారు

మా కోడలు రమ్యకు మూడో నెల. అన్నం వాసన తగిలితే చాలు, సింకు దగ్గరకు పరుగు. ఏదో ఒకటి తినిపించకపోతే సెలైన్ పెట్టాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పేసింది. ఏం తింటావే తల్లీ అని బతిమాలితే, కళ్ళు మూసుకుని "బీన్స్ పల్యం అత్తా, మా అమ్మ చేసేది" అంది. పల్యమంటే వాళ్ళ వైపు పొడికూర. నాది తెనాలి, కూరల్లో నాకు తిరుగులేదని నా నమ్మకం. ఘుమఘుమలాడేట్టు చేసి పెట్టాను. ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపింది. ముందు చిర్రెత్తుకొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది.

వాళ్ళమ్మ పద్మావతమ్మ ఉండేది కర్ణాటకలో, చింతామణిలో. ఆమే వద్దామంటే మెట్ల మీద జారి కుడిచేతికి కట్టుతో కూర్చుంది. వీడియోలో నేర్పమంటే గంటసేపు వాళ్ళ ఫ్యాను చూపించింది. కొలతలు అడిగితే "రవ్వంత" అంటుంది. ఇలా లాభం లేదని నేనే బయలుదేరాను.

హైదరాబాదులో ఎక్కిన బెంగుళూరు రాత్రి బస్సు తెల్లవారుతూండగా బాగేపల్లిలో దింపింది. టీ తాగి ఆటోలో బస్టాండుకు చేరాను. అక్కడ బోర్డులన్నీ కన్నడం, మాటలన్నీ తెలుగు. చేళూరు మీదుగా చింతామణి పోయే బస్సు ఏడింటికి. ఆ బస్సుకు వెళ్ళేవాళ్ళు కాస్త ముందుగా ఎక్కండి, లేకపోతే మనకంటే ముందు పూలమూటలు కూర్చుంటాయి.

ఆడవాళ్ళందరూ ఆధార్ కార్డు చూపించి ఉచితంగా ప్రయాణిస్తున్నారు. నేనూ దర్జాగా నాది తీశాను. కండక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది హైదరాబాదుది కదమ్మా, ఈడ నడవదు. టికెట్ తీసుకోండి" అన్నాడు. బస్సు మొత్తంలో డబ్బిచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే.

పక్కసీటామె జాలిగా చూసింది. "యాడికి పోతాండావమ్మా?"

"చింతామణికి. బీన్స్ పల్యం నేర్చుకోవడానికి."

"పల్యం నేర్చుకునేదానికి అంత దూరం నుంచి వస్తివా!" అని, వెనక్కి తిరిగి బస్సంతా చాటింపు వేసింది. ఇక చూడాలి. ఒకావిడ కొబ్బరి వెయ్యమంది. ఇంకొకావిడ, "కొబ్బరి యెవురు వేస్తారు? వెర్రినువ్వుల పొడి చల్లల్ల" అంది. చేళూరు వచ్చేసరికి ఆ ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నేను నేరం చేసినదానిలా కూర్చున్నాను.

పదింటికల్లా చింతామణిలో దిగాను. పద్మావతమ్మ వదిన వాకిట్లోనే ఉంది. ఉప్మా పెట్టించి, కూరగాయల మార్కెట్టుకు వెంట తీసుకెళ్ళింది. లేత బీన్స్, ఒక కట్ట సబ్బసిగె ఆకు, అదే మన సోయకూర, కొన్నాం. కుచ్చులు కుచ్చులుగా ఉండే ఆ ఆకు వాసన నాకు సరిపడదు. అయినా కోడలి కోసం ముక్కు మూసుకున్నాను.

బీన్స్, ఆకు, కందిపప్పు ఒకే గిన్నెలో ఉడకాలి. పప్పు పలుకు మీద ఉండగానే దించమని స్టూలు మీద నుంచి వదిన హుకుం. దించాను. చిల్లుల గిన్నెలో ఒంపి, నీళ్ళన్నీ శుభ్రంగా సింకులో పారబోశాను. మా ఇంట్లో రోజూ చేసే పనే.

"అయ్యయ్యో! యేం పని చేస్తివి వదినా! సారంతా పారబోస్తివి!" వదిన కట్టు కట్టిన చేత్తోనే తల కొట్టుకోబోయి, "అమ్మా" అని ఆగింది.

"కూర నేర్పమన్నాను గానీ చారు ఎవరడిగారు?" అన్నాను, నా తప్పేమిటో తెలియక.

"పల్యం చేస్తే సారు రాకుండా యెట్లుంటాది? రుచంతా ఆ నీళ్ళల్లోనే కదా ఉండేది! ఆ నీళ్ళతోనే బస్సారు చేసేది. రాగిముద్దకు మరి యేం పోసుకుంటారు?"

"రమ్య పల్యం అనే అడిగింది."

"మాకు పల్యమంటే రెండూ వస్తాయి. సారు కూడా అని వేరేగా యెవురు అడగతారు?"

పాపం ఆ పిల్ల నోరు తెరిచి అడిగితే సగం వంట నేనే సింకుకు తాగించానన్న మాట.

మళ్ళీ మార్కెట్టుకు పరిగెత్తాను. పొద్దున బీన్స్ అమ్మినాయన గంపలు సర్దుకుంటున్నాడు. "అప్పుడే తినేస్తిరా అమ్మా?" అన్నాడు.

"లేదప్పా, ఉడికించి నీళ్ళు ఒంపేశాను."

"బస్సారు నీళ్ళు ఒంపేసినారా!" చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. "ఈ తూరి జాగ్రత్త తల్లీ" అని అడుగున మిగిలినవన్నీ సంచిలో పోశాడు.

ఇంకో కట్ట ఆకు కొనుక్కొచ్చి మళ్ళీ ఉడికించి, ఈసారి నీళ్ళు భద్రంగా దాచాను. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిరప, వెల్లుల్లి వేయించి, కొబ్బరి, గుప్పెడు ఉడికిన బీన్స్ చేర్చి నూరి, ఆ నీళ్ళలో మరిగించాను. మిగిలిన బీన్స్‌కు ఆవాలు, ఉల్లిపాయ, కరివేపాకు తాలింపు పెట్టి కొబ్బరి చల్లాను. ఇల్లంతా కమ్మటి వాసన. సబ్బసిగెను ఇన్నేళ్ళు తిట్టుకున్నందుకు సిగ్గేసింది. వదిన వేలితో రుచి చూసి తలాడించింది.

"నేనే చేసినానని చెప్పు. నీ చేతిదంటే ముందే బెదరతాది" అంది. ఒళ్ళు మండింది. కానీ పిల్ల తినడం ముఖ్యం కదా, సరేనన్నాను.

రెండూ క్యారేజీలో సర్దుకుని, సాయంత్రం బస్సులో చిక్కబళ్ళాపురం చేరి, ఇడ్లీ తిని, హైదరాబాదు బస్సెక్కాను. క్యారేజీ డిక్కీలో పెట్టమన్నాడు క్లీనరు. పెట్టనన్నాను. పేరేసంద్ర దాటుతుండగా పక్కనున్న పెద్దాయన, "యేముండాదమ్మా అందులో, బంగారమా?" అన్నాడు.

"చారు."

కుదుపు వచ్చినప్పుడల్లా నేను చారును పట్టుకున్నాను, ఆయన నన్ను పట్టుకున్నాడు. ఎన్నో క్షేత్రాలు తిరిగాను గానీ, ఇంత భక్తితో ఏ ప్రసాదమూ తీసుకురాలేదు.

పొద్దున్నే ఇల్లు చేరి, బస్సారు వేడిచేసి, రాగిముద్ద కెలికాను. ఉండలు కట్టింది, అయినా పెట్టాను. "మీ అమ్మ చేసి పంపింది" అన్నాను.

రమ్య వాసన చూసింది. సింకు వైపు దారి వదిలి నిలబడ్డాను. తను కదల్లేదు. ముద్ద తుంచి బస్సారులో ముంచుకుంది. మధ్యలో పల్యం నంజుకుంది. కంచం ఊడ్చేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"అత్తా, మా అమ్మయితే కారం ఇంకా వేస్తాది" అంది. "ఇది మీరే చేసినారు కదా?"

దొరికిపోయి తలూపాను.

"ఇంకొంచెం పొయ్యండి" అని కంచం ముందుకు జరిపింది.