ఉరిమితే పీకే ప్లగ్గు

మలేషియాలోని ఈపో ఊళ్లో కరెంటు పనులు చేసే రొస్లాన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. జైతున్ పిన్ని ఇంట్లో ఫోనుతో వెలుతురు తగ్గించి పెంచే స్విచ్చులు సాయంత్రమయ్యేసరికి మొరాయిస్తున్నాయి. వైఫై డబ్బా ఒక్కసారి ఆగితే చాలు, అవి అలిగి కూర్చుంటాయి. మళ్లీ ఒక్కోదాన్నీ కలపాలి. ఇప్పటికి రెండుసార్లు కలిపి వెళ్లాడు.

మూడోసారి నిచ్చెన మీంచే కేకేశాడు. "ఆ డబ్బాని ఎవరో ఆపుతున్నారు పిన్నీ!"

"ఊరికే ఎందుకు ఆపుతానురా? నా మీద ఎగరకు. దిగొచ్చి అరటిపండు బజ్జీలు తిను."

అంతలో కొండల వైపు పెద్దగా ఉరిమింది. రొస్లాన్ గబుక్కున నిచ్చెన దిగి, టీవీ ప్లగ్గూ వైఫై డబ్బా ప్లగ్గూ పీకేశాడు. పిడుగు భయానికి ఆ ఊళ్లో అందరూ చేసేదే. వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది.

తర్వాత ఫోను చూసుకుని గయ్యిమన్నాడు. "చూడు, మళ్లీ పోయాయి!"

పిన్ని బజ్జీల పళ్లెం తెచ్చింది. "పోతే పోయాయిలే. ఇవాళ ప్లగ్గులు నువ్వు పీకి పుణ్యం కట్టుకున్నావు. సాయంత్రాలు ఉరిమినప్పుడల్లా ఈ మోకాళ్లతో నేనే వంగి చావాలి."

రొస్లాన్ తిట్టడానికి నోరు తెరిచాడు. ఎవర్ని తిట్టాలో తెలియక, ఆ నోట్లో బజ్జీ పెట్టుకున్నాడు.